ముందు గది చెమ్మ

జూన్ 4

తమ్ముడికి,

నీ చెవుల సంగతి తెలిసి కూడా మొన్న ఫోన్ చేశాను, బుద్ధి తక్కువై. నేను అరిచిన అరుపులకి పక్క వాటావాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు గానీ, నీకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. అందుకే రాస్తున్నాను.

కొట్టు ఖాళీ చెయ్యమన్నారు. ముందు మిషను, వెనక మంచం వేసుకుని ఒక్క గదిలో ఇరవై రెండేళ్ళు గడిపాను. మీ బావ పోయింది కూడా ఆ మంచం మీదే. ఈ ఏడాది ఆఖరికల్లా గోడ కొట్టేసి రెండు షట్టర్లు పెడతారట. మళ్ళీ అద్దెకి వెళ్ళడం నా వల్ల కాదు. కుట్టి కూడబెట్టిందంతా పోగేస్తే ఊరి అంచున ఒక పాత ఇల్లు వచ్చేట్టుంది. ముందు గదిలో మిషను పెట్టుకోవచ్చు, వీధి కనపడుతుంది.

కొనేముందు ఏమేం చూడాలో రాయి. బట్ట అయితే వేళ్ళ మధ్య నలిపి, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో చెప్పేస్తాను. ఇంటిని నలిపి చూడలేను కదా. వంతెన పని వదిలి రాలేవని తెలుసు, రమ్మనడం లేదు. ఇందులో మోసపోతే ఇంకొకటి కొనే వయసు కాదు నాది, అది గుర్తుపెట్టుకుని రాయి.

మీ అక్క


జూన్ 13

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ స్తంభాలు లేచాయి. నీళ్ళు రాకముందే మిగతావి లేపాలని తొందరపెడుతున్నారు.

ఇల్లు ఒకసారి చూసి మురిసిపోకు. నాలుగుసార్లు వెళ్ళు. పొద్దున ఒకసారి, బడి వదిలే వేళకి ఒకసారి, ఆదివారం ఒకసారి, గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి. వాళ్ళు చూపించేవి చూడు, కానీ చూపించనివి ఇంకా బాగా చూడు. సామాను అడ్డం పెట్టిన గోడ ఉంటే దాని వెనక చూడాలి.

నాణెంతో గోడ మీద కొట్టు. డొల్లగా మోగితే పూత లోపల వదిలేసినట్టు. నేల మీద గోళీ పెట్టు, దానంతటది దొర్లితే ఎటు దొర్లిందో రాయి. తలుపు చట్రాలు కింద జానెడు మేర స్క్రూడ్రైవరుతో పొడు. మెత్తగా దిగితే చెదలు. గోడ పగిలి ఉంటే పగులు మీద అడ్డంగా పల్చటి కాగితం అతికించి తేదీ వెయ్యి. పది రోజులకి కాగితం చిరిగితే ఇల్లు ఇంకా కదులుతున్నట్టు. చిరగకపోతే అది పాత పగులు, దానికి భయపడక్కర్లేదు.

వీధి సంగతి ఇస్త్రీ చేసేవాళ్ళని అడుగు. ఎవరింట్లో గొడవలు, ఎవరు ఎందుకు ఖాళీ చేశారు, అన్నీ వాళ్ళకి తెలుస్తాయి. బట్టల మనిషివి, నీకు చెప్పాలా.

నీ మరదలు అడిగినట్టు రాయమంది. ఇల్లు కొన్నాక తన జాకెట్లకి చెయ్యి పొడుగు సరిగ్గా పెట్టమంటోంది.

తమ్ముడు


జూన్ 27

తమ్ముడికి,

నాలుగుసార్లూ వెళ్ళాను. మూడోసారికి ఆ వీధి కుక్క నన్ను చూసి లేవడం మానేసింది.

బస్సు దిగితే ఏడు నిమిషాల నడక. పక్కింట్లో లేతు మిషను పెట్టుకున్నారు. పగలంతా రొద గానీ, నా మిషను రొద ఏం తక్కువ. వాన మర్నాడు వెళ్తే వీధిలో నీళ్ళు నిలబడలేదు. చట్రాల్లోకి స్క్రూడ్రైవరు దిగలేదు. వెనక గదిలో పగులు మీద కాగితం అంటించాను, పన్నెండో రోజుకి కూడా చిరగలేదు. గోళీ వెనక గదిలో కదల్లేదు. ముందు గదిలో మాత్రం కిటికీ వైపు మెల్లగా దొర్లింది. కిటికీ కింద గోడకి పెద్ద బీరువా ఆనించి ఉంది. కదపమంటే తాళం లేదు, బరువు అని బ్రోకరు దాటేశాడు.

ఇస్త్రీ ఆవిడ చెప్పింది. ముసలాయన ఒక్కడే ఉంటాడట. భార్య చాలాకాలం దగ్గుతో బాధపడి చనిపోయింది. ఆయన రెండు వీధుల అవతల కూతురి ఇంటికి వెళ్ళిపోతాడట. ఎవరితోనూ మాటామంతీ లేదు. "చొక్కాలు మాత్రం గీత గీసినట్టు ఉండాలమ్మా ఆయనకి" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఆ ఇంటి మూలలు పదునుగా లేవు. బొటనవేలితో నిమిరినట్టు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. పిల్లల తల తగిలినా బొప్పి కట్టకూడదని అలా తిప్పే మేస్త్రి మనకి తెలిసి మన నాన్న ఒక్కడే. అవును, నాన్న ఆఖరుగా కట్టిన సర్వేయరు ఇల్లే. బ్రోకరు నాకు ఆరు ఇళ్ళు చూపించాడు, వాటిల్లో ఇది లేదు. నేనే వెతుక్కుంటూ వెళ్ళి, తర్వాత బ్రోకరుని తీసుకెళ్ళాను.

ఆ వీధి మెట్టు కూడా చూశాను. ఇత్తడి కుళాయిల సంచి కనపడలేదని నాన్నని దొంగ అన్నాడు. పనిముట్లు నేల మీద కుమ్మరించి, అందరూ చూసేట్టు పొద్దుటి నుంచి ఆ మెట్టు మీదే కూర్చోబెట్టాడు. చీకటి పడ్డా లెమ్మని అనలేదు. లెమ్మనలేదు కాబట్టి నాన్న లేవలేదు. ఆ తర్వాత తాపీ పట్టమని ఆయన్ని ఒక్కడూ పిలవలేదు. ఇరవై ఇళ్ళు కట్టిన మనిషి గోడౌను కాపలా కాసి పోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అనుకుంటున్నాను. కాగితాల్లో నా పేరు పక్కన నాన్న పేరు ఉంటుంది. ఆ పేరు చదివి ఆయన సంతకం పెట్టాలి. ఆయన సామాను బండికెక్కేటప్పుడు నేను ఆ మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోవాలి. చాలు.

నువ్వు సంతోషిస్తావనే ఇన్నాళ్ళు దాచాను.

అక్క


జూలై 5

అక్కా,

ఆ ఇల్లు వద్దు. ముందు గదిలో కిటికీ కింద రెండు మూరల మేర చెమ్మ ఉంటుంది. ఏ పూత వేసినా ఆరదు. బట్టలు కుట్టే గదికి అది పనికిరాదు. బ్రోకరు చూపించిన ఆరిట్లో ఒకటి చూసుకో. పాత సంగతులు తవ్వుకుని ఏం లాభం.

తమ్ముడు


జూలై 12

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఆ రోజే బ్రోకరుతో వెళ్ళి, లేతు మిషను కుర్రాళ్ళని ఇద్దర్ని పిలిచి బీరువా జరిపించాను. నువ్వు చెప్పినట్టే ఉంది. రెండు మూరలు, నువ్వు టేపు పెట్టి కొలిచినట్టు.

నేనే చూడని చెమ్మ నీకెలా తెలిసింది? ఆయన్ని కలిశావా? ఎప్పుడైనా ఆయనింట్లో పని ఒప్పుకున్నావా? నాన్న కూర్చున్న మెట్టు దాటి లోపలికి వెళ్ళి, గోడకి పూత వేసి, ఆయన చేత్తో ఇచ్చిన టీ తాగి వచ్చావా? ఏ పూత వేసినా ఆరదంటున్నావంటే, వేసి చూసినవాడి మాటలా ఉంది.

పాత సంగతులట. నీకు పాతవయ్యాయేమో. ఆ రోజు సాయంత్రం నాన్న చెప్పులు విడవకుండా మంచం మీద పడుకుంటే విప్పింది నేను.

లేక నాకొక ఇల్లు ఉండటమే మీ ఇంట్లో ఎవరికైనా కష్టంగా ఉందేమో, అదీ చెప్పు. నిజం రాసేదాకా నాకు ఉత్తరం రాయొద్దు.

అక్క


జూలై 20

అక్కా,

నిజమే రాస్తున్నాను. చదివి చించెయ్యి.

నీ మరదలికి ఇందులో ఏ సంబంధమూ లేదు. దాన్ని అనకు.

నాన్న ఆ రాత్రి నాతో అన్నమాట నువ్వు వినలేదు. "ఒప్పుకున్న పని వదిలేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టేరా. నన్ను రానివ్వరు, నువ్వెళ్ళి పూర్తిచెయ్యి" అన్నాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మిగిలింది నాలుగు రోజుల పని. గొట్టాలు పూడ్చి, ముందు గది నేల చెయ్యాలి. సర్వేయరుకి వేరే మేస్త్రి దొరకలేదు, ఊరుకున్నాడు.

స్నానాల గది నీళ్ళు వీధి కాలువకి పోయే గొట్టం ఆ ముందు గది కింద నుంచే వెళ్తుంది. కిటికీ కింద రెండు గొట్టాలు కలిసేచోట బెత్తెడు ఖాళీ వదిలేశాను. చుట్టూ ఇటుక ముక్కలు పోశాను. సగం నీళ్ళు కాలువకి పోతాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సగం అక్కడే ఇంకుతాయి. పైన నేల చేశాను. అంత నున్నటి నేల మళ్ళీ నా జన్మలో చెయ్యలేదు. సర్వేయరు చెయ్యి పెట్టి చూసి, తండ్రి కంటే నయం అన్నాడు.

నాన్నకి చెప్పలేదు. చెబితే ఆ చేత్తోనే తవ్వించేవాడు.

ఆ ఇంటి ఛాయలకి మళ్ళీ వెళ్ళలేదు. చెమ్మ ఎక్కడ, ఎంత మేర వస్తుందో పెట్టినవాడికి తెలియకుండా ఉంటుందా. అప్పటి నుంచీ నేను పెట్టిన ప్రతి అతుకునీ రెండుసార్లు తడిమి చూసుకుంటాను. వీళ్ళంతా నన్ను జాగ్రత్తపరుడంటారు.

చెమ్మ ఒక్కటి తీసేస్తే నువ్వు రాసినదాన్ని బట్టి అది మంచి ఇల్లే. కొనాలనే అనుకుంటే కొను. కిటికీ నుంచి మూరన్నర దూరంలో తవ్వించు. రెండు రోజుల పని. రెండు నెలల్లో ఆరిపోతుంది.

ఇస్త్రీ ఆవిడ దగ్గు సంగతి చెప్పిందని రాశావు. ఆయన భార్య ఏ గదిలో పడుకునేదో కనుక్కో.

తమ్ముడు


ఆగస్టు 9

ఒరే తమ్ముడూ,

ఉత్తరం చించలేదు. నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. నిన్ను అన్నందుకు ఒక పూట ఏడ్చాను. తర్వాత నవ్వుకున్నాను. నాన్నని దొంగ అన్నవాడి ఇంట్లో నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళు పని చేస్తూనే ఉన్నావు, కూలి తీసుకోకుండా.

నిన్న సంతకాలయ్యాయి. ఇల్లు నాది.

రిజిస్ట్రేషను ఆఫీసులో బల్లకి ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. కళ్ళజోడు తుడుచుకుని కాగితం చదివాడు. నాన్న పేరు దగ్గర వేలు ఆగిపోయింది. నేను ఇన్నేళ్ళుగా తయారు చేసుకున్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఆయనే మొదలుపెట్టాడు.

"మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదమ్మా" అన్నాడు. "కుళాయిలు తొమ్మిదో రోజున దొరికాయి. అటక మీద నేనే పెట్టి మరిచిపోయాను."

ఎందుకు చెప్పలేదని అడిగాను. సిగ్గుపడ్డాడట. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెల గడిపాడట. ఆలోగా గోడ చెమర్చడం మొదలుపెట్టిందట. ఐదుసార్లు పూత చెక్కించి మళ్ళీ వేయించాడు. బయట కాలువ మార్పించాడు. ఆరలేదు. ఆ మేస్త్రి ఉసురు తగిలిందని ఆయన భార్య అనేదట. చివరికి ఆయనకీ అదే నమ్మకం. కొనడానికి వచ్చినవాళ్ళెవరికీ ఇవ్వకుండా ఆపింది కూడా అందుకేనట, ఇంకొకరి నెత్తిన ఎందుకు పెట్టాలని. బయానా కాగితంలో నా పేరు పక్కన ఆ పేరు చూశాక, ఇంటికి రావలసినవాళ్ళే వచ్చారనుకుని ఒప్పుకున్నాడట.

"కూతురివి. నీ చేతిలో పడ్డాక ఆరుతుందేమో. ఆదివారాలు వచ్చి ఒకసారి చూసుకుని పోనిస్తావా" అని అడిగాడు.

నీ ఉత్తరం నా ఒళ్ళో సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే ఆయన అక్కడికక్కడే తేలికైపోయేవాడు. గొట్టమా, ఇంతేనా అని హాయిగా ఇంటికెళ్ళి అన్నం తినేవాడు. నేను తియ్యలేదు. రమ్మన్నాను, వచ్చి చూసుకోమన్నాను.

మెట్టు మీద కుర్చీ వేసుకోలేదు. అంతకంటే మంచిది దొరికింది.

అక్క


ఆగస్టు 20

అక్కా,

ఇల్లు నీదైంది, అది సంతోషం. తవ్వించడం ఆలస్యం చెయ్యకు. అతుకు మీద సిమెంటు ఆరేదాకా స్నానాల గది వాడకు.

ఆయన తప్పు ఒప్పుకున్నాడు కదా. ఇక చెప్పెయ్యి. నా పేరే చెప్పు, ఏం చేస్తాడు.

ఆవిడ ఏ గదిలో పడుకునేదో రాయలేదు నువ్వు.

తమ్ముడు


అక్టోబరు 18

తమ్ముడికి,

తవ్వించాను. తవ్విన మేస్త్రి ఆ బెత్తెడు ఖాళీ చూసి, "ఎవడో గానీ తెలిసే చేశాడమ్మా, నేల చూస్తే పనిమంతుడు" అన్నాడు. నీకు చెప్పమన్నట్టే అనిపించింది, చెబుతున్నాను. గోడ ఆరిపోయింది. కొత్త పూత వేయించాను. మిషను కిటికీ కిందే పెట్టుకున్నాను, వెలుతురు బాగుంది. లేతు మిషను కుర్రాళ్ళకి ప్యాంట్లు పొట్టి చేసిపెడుతున్నాను. వాళ్ళు నా మిషను చక్రానికి నూనె వేసిపెడుతున్నారు.

సర్వేయరు ఆదివారం తొమ్మిదింటికి వస్తాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. చెప్పులు బయట విప్పి, లోపలికి వచ్చి, గోడకి అరచెయ్యి ఆనించి చూస్తాడు. తడిగా ఉంటే తల పంకించి వెళ్ళిపోతాడు. కూర్చోమని నేను అనను, ఆయన కూర్చోడు.

ఆగస్టులో, సెప్టెంబరులో గోడ నిజంగానే తడిగా ఉంది. ఈ నెల మొదటి ఆదివారం పొద్దున లేచి చూస్తే పొడిగా, తెల్లగా ఉంది. ఈ మనిషి వచ్చి చెయ్యి పెట్టి, క్షమించేశాడని నవ్వుకుంటూ పోతాడు కదా అనిపించింది. నాన్న ఎప్పుడు క్షమించాడు? ఎవరు అడిగారు ఆయన్ని?

అప్పటి నుంచి ఆదివారం ఏడింటికి మిషను పక్కకి జరిపి, ఒక బిందెడు నీళ్ళు గోడకి కొడుతున్నాను. గుడ్డతో అద్ది, నేల తుడిచేస్తే తొమ్మిదింటికల్లా లోపలి నుంచి ఊరినట్టే ఉంటుంది. కొంచెం పాత మరకల ఆనవాలు ఉండటానికి మెత్తటి బూడిద కూడా రుద్దుతున్నాను. నీ అక్కని, నాకూ పనితనం ఉంది.

అక్క


అక్టోబరు 29

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

నేను కోపంలో ఒక్కసారి చేశాను. నువ్వు వారం వారం లేచి చేస్తున్నావు. అది నీ గోడ అక్కా. ఏడాది తిరిగేసరికి పూత ఉబ్బుతుంది. మిషనుకి తుప్పు పడుతుంది. ఇల్లు నాలుగుసార్లు చూడమని నేను చెప్పింది, నువ్వే పాడుచేసుకోవడానికి కాదు.

వంతెన పలకలు వేసే పని వచ్చే నెలాఖరుకి ఆగుతుంది. వస్తాను. ఆయనకి నేనే చెబుతాను.

మూడోసారి అడుగుతున్నాను, ఆవిడ ఏ గదిలో పడుకునేది?

తమ్ముడు


నవంబరు 22

తమ్ముడికి,

నువ్వు వచ్చి చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. రావద్దని కాదు. రా.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. ఆయన కూతుర్నే అడిగాను. మొదట ముందు గదిలోనే ఉండేదట. దగ్గు మొదలయ్యాక వెనక గదికి మార్చారట. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. నీకు ఇది చాలుతుందో చాలదో నాకు తెలియదు. తెలిసింది రాశాను, తగ్గించి రాయలేదు.

నువ్వు అన్నట్టే తుప్పు పట్టింది. పోయిన బుధవారం ఒకామె తెల్ల జాకెట్టు మీద, సూది కింద నుంచి ఎర్రటి మరక దిగింది. ఇరవై రెండేళ్ళలో నేను ఒకరి బట్ట పాడుచెయ్యడం ఇదే మొదలు. కొత్త బట్ట కొనిచ్చి కుట్టిచ్చాను. ఆమె తీసుకుంది గానీ, ఈసారి ఎవరికో ఇస్తుంది.

అయినా ఆదివారం ఏడింటికి బిందె ఎత్తాను.

తొమ్మిదింటికి వచ్చాడు. చెయ్యి ఆనించాడు. ఎప్పుడూ లేనిది ఆ చెయ్యి తీసి వాసన చూసుకున్నాడు.

"ఇవి కుళాయి నీళ్ళమ్మా" అన్నాడు. "ఆ చెమ్మకి సబ్బు మురుగు వాసన ఉండేది. ముప్పై ఏళ్ళు పీల్చాను, నాకు తెలుసు."

నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. దారం ఎప్పుడో తెగిపోయిందని తర్వాత చూసుకున్నాను. ఎన్నాళ్ళయింది ఆరి, అని అడిగాడు. ఏడు వారాలన్నాను. అప్పుడు చెప్పేశాను. గొట్టం, బెత్తెడు ఖాళీ, ఇటుక ముక్కలు, నేల కింద తవ్వితే బయటపడటం. నీ పేరు చెప్పలేదు. ఆయనా అడగలేదు. జన్మంతా గొలుసు పట్టుకుని భూములు కొలిచిన మనిషి, చివరి నాలుగు రోజులు ఎవరు పని చేశారో లెక్క అందక కాదు.

ఇక తేలికపడతాడు, పడనీ, నాకు ఓపిక అయిపోయింది అనుకున్నాను. ఆయన మొహంలో అలాంటిదేమీ కనపడలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఇది ఉసురు కాదు, మీ నాన్న నన్నేమీ అనలేదన్నమాట" అన్నాడు.

"అనలేదు" అన్నాను. నిజమే కదరా. నాన్న ఆయన్ని ఒక్క మాట అనగా మనం వినలేదు. మనమే అన్నాం.

ఆయన బయటికి వెళ్ళి చెప్పులు తొడుక్కోబోయి, తొడుక్కోకుండా మెట్టు మీద కూర్చున్నాడు. నేను కూర్చోమనలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు చూశారు. ఇస్త్రీ ఆవిడ బండి దగ్గర నుంచి వచ్చి ఏమండీ ఒంట్లో బాగోలేదా అని అడిగింది. మధ్యాహ్నం కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. లేవలేదు. నాకేసి చూసింది.

నేను తుప్పు మరకలు రుద్దుకుంటూ కూర్చున్నాను. లెమ్మని నేనూ అనలేదు.

నువ్వు వచ్చేటప్పుడు మిషనుకి మంచి నూనె ఒక సీసా పట్టుకురా.

అక్క